నాతాను చెప్పిన కథ, మన ఇంగ్లీష్ క్లాసు

చిత్తూరు వైపు క్రైస్తవ స్కూళ్లలో ఇంగ్లీష్ చెప్పే టీచర్లను విశ్వాసులైన తల్లిదండ్రులు కొందరు అడుగుతుంటారు: "ప్రార్థనతో మొదలయ్యే స్కూల్లో ఈ కట్టుకథలెందుకు సార్?" ఆధారంగా బైబిల్లో పౌలు రాసిన 2 తిమోతి పత్రిక 4:4 చూపిస్తారు. కల్పనాకథల వైపు తిరిగే కాలం వస్తుందన్న హెచ్చరిక అది. కానీ పౌలు అక్కడ మాట్లాడుతున్నది సత్యం వినడం ఇష్టంలేక, చెవులకు ఇంపుగా చెప్పే బోధకులను పోగుచేసుకునే వాళ్ల గురించి.

మన జిల్లాలో మాట మీద అనుమానమొస్తే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటారు. కథను ఎవరూ అలా నిలదీయరు. బైబిల్లోని న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో యోతాము అనే అతను గెరిజీము కొండ మీద నిలబడి, చెట్లన్నీ రాజును వెతుక్కుంటూ పోయి చివరికి ముళ్లపొదను అడిగాయని చెప్పాడు. చెట్లు మాట్లాడతాయా అని ఏ సండే స్కూల్ పిల్లవాడూ గొడవపడడు.

నాకు ఎక్కువ ఇష్టమైనది 2 సమూయేలు 12. దావీదు రాజుకు ధర్మశాస్త్రం తెలియక కాదు. గొర్రెను దొంగిలించినవాడు నాలుగింతలు చెల్లించాలన్నది నిర్గమకాండంలోని మాటే, దాన్నే తీర్పుగా చెప్పాడు. ఊరియా భార్యను తీసుకుని అతన్ని చంపించిన తన పాపం మాత్రం కనపడలేదు. ప్రవక్త నాతాను వచ్చి ఆజ్ఞలు వల్లించలేదు. పేదవాడి ముద్ద తిని, అతని గిన్నెలో తాగి, అతని ఒడిలో పడుకున్న ఒక్క గొర్రెపిల్లను ఒక ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు. వింటున్నది ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు మరి! దావీదు మండిపడ్డాడు. "ఆ మనుష్యుడవు నీవే" అని నాతాను అన్నది ఆ తర్వాతే.

దావీదు అది నిజంగా జరిగిందనే అనుకున్నాడు, ఆ తేడా ఉంది. మన పిల్లలకు కథ అని తెలిసీ కోపమొస్తుంది, ఏడుపొస్తుంది. నాకు అదే ఇంకా పెద్ద విషయంగా తోస్తుంది.

ఏ కథైనా పర్లేదని కాదు, వయసు చూడాల్సిందే. అయితే పాపం ఊసే లేని కథలే కావాలంటే దావీదు చరిత్రనే పక్కన పెట్టాలి. నాకు అసలు దిగులు ఇంకొకటి: పాఠం అయ్యీ అవ్వకముందే బోర్డు మీద "మోరల్" రాసేయడం. మంచి సమరయుని కథ చివర యేసు ప్రశ్నే అడిగాడు: దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాడికి పొరుగువాడు ఎవరని. సమరయులంటే యూదులకు చిన్నచూపు; ధర్మశాస్త్రోపదేశకుడికి "సమరయుడు" అనడానికి కూడా నోరు రాలేదు, జాలిపడినవాడే అన్నాడు.

ఒకసారి ఇలా చేసి చూడండి. నాతాను కథను ఇంగ్లీషులో నాలుగో వచనం దాకా చదివి పుస్తకం మూసేయండి. ఆ ధనవంతుడికి ఏం శిక్ష వేస్తారో పిల్లలనే రాయమనండి. ఏడో వచనం మరుసటి రోజు చదవచ్చు.