భద్రాచలం రోడ్డు నుంచి భద్రాచలం దాకా

2025 జనవరి 9వ తేదీ తెల్లవారుజామున అమ్మా నేనూ మణుగూరు ఎక్స్‌ప్రెస్‌లో భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగాము. మరునాడు ముక్కోటి ఏకాదశి. మోకాలి ఆపరేషన్ తరువాత మళ్ళీ తన కాళ్ళ మీద తాను నడవగలిగితే భద్రాద్రి రాముణ్ణి ఉత్తర ద్వారంలో చూస్తానని అమ్మ రెండేళ్ళ కిందట మొక్కుకుంది. ప్లాట్‌ఫారం మీద పసుపు పలక మీది పేరును కూడబలుక్కుని చదివి, అక్కడే చేతులు జోడించి, "వచ్చినమా బిడ్డా?" అని అడిగింది. ఇది కొత్తగూడెమనీ, స్వామి దగ్గరికి ఇంకా నలభై కిలోమీటర్లు పోవాలనీ చెప్పవలసి వచ్చింది. జోడించిన చేతులను ఆమె మెల్లగా దించుకోవడం ఈనాటికీ నా కళ్ళ ముందే ఉంది.

ఆ పేరును నమ్మి దిగిన యాత్రికులు ఆ ఉదయం మాతో పాటు వందల్లో ఉన్నారు. స్టేషన్ బయట బస్సు కోసం గంటకు పైగా నిలబడ్డాము. వచ్చిన బస్సులో సీటు దొరకలేదు. సగం దూరం దాకా అమ్మ కడ్డీ పట్టుకుని నిలబడే ప్రయాణం చేసింది. పాల్వంచలో థర్మల్ కేంద్రం పొగగొట్టాలు మంచులో మసకగా కనిపించాయి. సారపాక దగ్గరికి వచ్చేసరికి కాగితపు మిల్లుకు పోయే జామాయిల్ కర్రల లారీలు రోడ్డు అంచున బారులు తీరి ఉన్నాయి. వంతెన ఎక్కి గోదావరి కనిపించగానే బస్సులో అందరూ ఒక్కసారిగా "జై శ్రీరామ్" అన్నారు. నొప్పిని పంటి కింద అదిమిపెట్టుకుని అమ్మ కూడా అంది.

కొత్తగూడెం దాకా వచ్చిన రైలు గోదావరి దాకా ఎందుకు రాలేదని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను. జవాబు ఈ నేల చరిత్రలోనే ఉంది. 1880ల చివర నిజాం రైల్వే వారు డోర్నకల్ నుంచి ఇల్లందుకు పట్టాలు వేసింది అక్కడి సింగరేణి బొగ్గు కోసం. గనులు కొత్తగూడేనికీ ఆపైన మణుగూరుకూ విస్తరించిన కొద్దీ పట్టాలు వాటి వెంటే నడిచాయి. బొగ్గు ఉన్న చోటికి రైలు వచ్చింది, దేవుడు ఉన్న చోటికీ మనుషులు ఉన్న చోటికీ రాలేదు. ఆనాటి వారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. నూట ముప్పై ఐదేళ్ళ తరువాత కూడా అదే లెక్క మీద బండ్లు నడవడమే నన్ను బాధిస్తున్నది.

ఆ సాయంత్రం తెప్పోత్సవానికి గోదావరి ఒడ్డున మెట్ల మీద కూర్చున్నాము. దీపాలతో అలంకరించిన హంసవాహనం మీద సీతాలక్ష్మణ సమేతుడైన స్వామి నీళ్ళ మీద కదులుతుంటే, వెలుగు అలల మీద విరిగి మా కాళ్ళ దగ్గరి దాకా వచ్చింది. మా పక్కన కూర్చున్న ముసలాయన చింతూరు నుంచి మనవరాలితో వచ్చాడు. ఆ పిల్ల ఒడిలో ఆసుపత్రి కాగితాలున్న ప్లాస్టిక్ సంచి ఉంది. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో చూపిస్తే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారట. "ఎటూ వచ్చాం గదమ్మా, స్వామిని చూసుకుని రేపు రాత్రి బండెక్కుతాం. మాకు రైలంటే కొత్తగూడెమొచ్చి ఎక్కాల్సిందే" అన్నాడాయన. అమ్మ తన దగ్గరున్న రెండు అరటిపళ్ళు పిల్ల చేతిలో పెట్టి, "రాముడే చూస్తడు తియ్యన్నా" అంది.

ఆ మెట్ల మీద తెలుగుతో పాటు కోయ భాష, ఒడియా వినిపించాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉన్నా, 2014 విభజన తరువాత దాని చుట్టూ ఉన్న చాలా పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. కొంచెం ముందుకు పోతే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, శబరి దాటితే ఒడిశాలోని మల్కన్‌గిరి. ఇన్ని రాష్ట్రాల అడవి పల్లెలకు ఆసుపత్రీ, సంతా, దేవుడూ అన్నీ భద్రాచలమే. మల్కన్‌గిరి జిల్లాలోనైతే ఇప్పటికీ రైలు పట్టా అన్నదే లేదు.

మరునాడు తెల్లవారుజామున సాంబ్రాణి పొగ మధ్య ఉత్తర ద్వారం తెరుచుకుంది. గరుడ వాహనం మీద స్వామి కనిపించిన ఆ కొన్ని క్షణాల గురించి రాయడానికి నా దగ్గర మాటలు లేవు. అమ్మ ఏడ్చింది. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో ఈ గుడి కట్టి, అందుకు గోల్కొండ చెరసాలలో మగ్గిన కథను చిన్నప్పుడు నాకు చెప్పింది ఆమే. చీకటి ఉండగానే మెట్లెక్కి వచ్చిన ఆమె, తిరిగి దిగేటప్పుడు నా చేయి కూడా పట్టుకోలేదు.

తిరుగు ప్రయాణంలోనే అసలు కష్టం ఎదురైంది. రాత్రి రైలుకు చాలినంత ముందుగానే బస్సెక్కాము. కానీ సారపాక దాటాక జామాయిల్ లారీ ఒకటి టైరు పేలి రోడ్డుకు అడ్డంగా ఒరిగిపోయింది. కర్రలు తీసి దారి చేసేసరికి రెండున్నర గంటలు గడిచాయి. మేము స్టేషన్ చేరేటప్పటికి బండి వెళ్ళిపోయింది. అదే బస్సులో ఉన్న చింతూరు ముసలాయన, మనవరాలు కూడా మాతో పాటే మిగిలిపోయారు. ఆ పిల్లను మర్నాడు పొద్దున చూస్తామన్న డాక్టరు గడువు అలా తప్పిపోయింది.

ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరిచి అమ్మనూ ఆ పిల్లనూ పడుకోబెట్టి, నేనూ ముసలాయనా మేలుకుని కూర్చున్నాము. మమ్మల్ని తీసుకుపోయే బండి ఆ రాత్రికి మరొకటి లేదు, బొగ్గు బండ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఒకదాని వ్యాగన్లు నేను లెక్కపెట్టాను: యాభై ఎనిమిది, చివర గార్డు డబ్బా. ఒక్కో వ్యాగన్‌లో అరవై టన్నులు వేసుకున్నా ఆ ఒక్క బండి మూడున్నర వేల టన్నులు మోస్తుంది. అదే బొగ్గు పాతిక టన్నుల లారీల్లో పోవాలంటే దాదాపు నూట నలభై లారీలు రోడ్డెక్కాలి. మమ్మల్ని ఆపింది వాటిలో ఒక్క లారీ లాంటిదే.

అందుకే సరుకు రవాణానూ ప్రయాణికుల రైలునూ వేరు వేరు కోరికలుగా నేను చూడలేను. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గనుల బొగ్గు ఒకప్పుడు టిప్పర్లలో కొత్తగూడెం దాకా వచ్చేది. ఆ దుమ్మూ ఆ ప్రమాదాలూ దారి పక్క ఊళ్ళవారికి బాగా తెలుసు. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గం పడి 2022లో బొగ్గు బండ్లు మొదలయ్యాక రోడ్డు ఊపిరి పీల్చుకుంది. అది నిజంగా మేలైన పని. అయితే ఆ పట్టాల పక్కన చంద్రుగొండ మీదుగా నివసించే జనం తమ పొలాల మధ్య నుంచి పోయే బండిని చూడగలరే తప్ప ఎక్కలేరు. పట్టాలు పడ్డాయి, వంతెనలు కట్టారు, సిగ్నళ్ళు పెట్టారు, ఖర్చంతా అయిపోయింది. రోజుకు రెండుసార్లు నాలుగు పెట్టెల బండి నడపడానికి ఇంకేం అడ్డమో నాకు అర్థం కాదు.

ఈ ప్రాంతంలో జనం తక్కువ గనుక ప్రయాణికుల బండి నష్టం తెస్తుందని అనేవారున్నారు. భారతీయ రైల్వేకు ఆదాయంలో పెద్ద భాగం సరుకు రవాణా నుంచే వస్తుంది, ప్రయాణికుల టికెట్ల మీద వచ్చే లోటును దేశమంతటా అదే పూడుస్తున్నది. అంత బొగ్గును రైల్వేకు అందిస్తున్న నేల మీది జనానికి ఆ సూత్రం వర్తించదనడం న్యాయం కాదు. పైగా ఇక్కడ బొగ్గు ఒక్కటే లేదు. గోదావరి లంకల్లో పండే మిర్చి ఖమ్మానికీ, వరంగల్‌కూ, గుంటూరుకూ లారీల్లోనే పోతున్నది. పత్తి, వెదురు, జామాయిల్ సంగతీ అంతే. గూడ్స్ షెడ్డు ఒకటి దగ్గరలో ఉంటే వీటిలో చాలా భాగం రైలెక్కుతుంది.

ఇప్పుడు ఆశకు ఒక గట్టి కారణం ఉంది. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా, మణుగూరు దారిలోని పాండురంగాపురానికి సుమారు 174 కిలోమీటర్ల కొత్త రైలు మార్గాన్ని 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అవతలి వైపు, ఒడిశాలోనే ఉన్న జైపూర్ నుంచి మల్కన్‌గిరికి రావలసిన మార్గం కూడా దీనితో కలిస్తే, తీరం వెంట పోయే పాత దారికి తోడుగా మధ్య భారతం నుంచి దక్షిణానికి మరో దారి ఏర్పడుతుంది. తుపానుకు తీరం లైను దెబ్బతిన్న రోజుల్లో దాని విలువ ఎంతో చెప్పనక్కరలేదు. గోదావరి మీద రైలు వంతెన వస్తే అది ఇంకో విధంగానూ అండ. 1986లో నీటిమట్టం ఇక్కడ 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు, ఏరు రెండు ఒడ్లనూ విడదీసింది. కొత్త వంతెనను ఆ మట్టాలను మనసులో పెట్టుకునే కట్టాలి.

నా భయమల్లా ఒక్కటే. ఈ మార్గం కూడా సత్తుపల్లి మార్గంలా ముందు సరుకుకు తెరుచుకుని, మనుషుల సంగతి తరువాత చూద్దామన్న చోట ఆగిపోకూడదు. గుడికి నడిచి పోగలిగినంత దగ్గరలో స్టేషనూ, వృద్ధులు ఎక్కి దిగగల ఎత్తైన ప్లాట్‌ఫారాలూ, పల్లెల దగ్గర హాల్టులూ పట్టాలతో పాటే రావాలి.

ఇంటికి చేరిన వారం రోజులకు రైల్వే వారికీ మా పార్లమెంటు సభ్యుడికీ ఇదంతా నాలుగు పేజీల అర్జీగా రాశాను. సత్తుపల్లికి ప్రయాణికుల బండి, కొత్త మార్గంలో మొదటి రోజు నుంచే ప్యాసింజరు, మిర్చికి భద్రాచలం దగ్గర గూడ్స్ షెడ్డు, అంతవరకూ కొత్తగూడెంలో ప్రతి రైలు వేళకూ స్టేషన్ ముందు నుంచే బస్సు అడిగాను. అమ్మకు చదివి వినిపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, నా సంతకం కింద తన పేరు నెమ్మదిగా రాసి, "ఆ చింతూరు పిల్ల ముచ్చట కూడా రాసినవా?" అని అడిగింది. రాయలేదు. కలం తీసుకుని మార్జిన్‌లో రాశాను.