ప్రోటాన్లను కరెంట్‌గా కొలవడం: నా అనుభవం

పల్లాడియం ఎలక్ట్రోడ్ మీద లిపిడ్ (కొవ్వు లాంటి అణువుల) పొర పరచాలి, అందులో గ్రామిసిడిన్ అనే అయాన్ ఛానల్‌ను, అంటే ఆవేశమున్న అణువులు పొరను దాటే సన్నటి దారిని, చేర్చాలి, దాని గుండా వచ్చే ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) కొలవాలి. ల్యాబ్‌లో చేరగానే నాకు అప్పగించిన పని ఇది. మన సర్క్యూట్లు ఎలక్ట్రాన్లతో నడుస్తాయి, జీవకణాలు అయాన్లతో. ఈ రెండింటినీ కలిపేది పల్లాడియం, అది హైడ్రోజన్‌ను పీల్చుకునే లోహం. దానికి రుణ వోల్టేజీ ఇస్తే ద్రావణంలోని ప్రోటాన్ వచ్చి ఎలక్ట్రాన్ తీసుకుని హైడ్రోజన్‌గా లోపలికి వెళ్తుంది. వోల్టేజీ దిశ మారిస్తే తిరిగి ప్రోటాన్‌గా బయటికి వస్తుంది.

ఎలక్ట్రోడ్ తయారీ త్వరగానే అయిపోయింది. కష్టమంతా పొర దగ్గరే. ముందు ప్లాస్టిక్ రేకులోని సన్నటి రంధ్రం మీద, డెకేన్ అనే ద్రావణిలో కరిగించిన లిపిడ్‌ను పూసి అలవాటు చేసుకున్నాను. పొర మందం సుమారు 5 నానోమీటర్లు. అది సరిగ్గా కుదిరిందో లేదో కొలతలే చెప్పాలి: పలచబడే కొద్దీ కెపాసిటెన్స్ (ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం) పెరుగుతుంది, నిరోధం గిగా ఓమ్‌ల స్థాయికి చేరుతుంది. ఎవరైనా తలుపు గట్టిగా వేసినా పగిలిపోయేది. పక్క యంత్రాల నాయిస్ రీడింగ్‌ను ముంచేసేది, ఫారడే కేజ్ (బయటి విద్యుత్ అలజడిని ఆపే లోహపు పెట్టె) లోపల పెట్టాకే తగ్గింది. మా సీనియర్ అక్క ఒకటే మాట అనేది: “ముందు పొర లీక్ కావట్లేదని చూపించు, ఛానల్ గురించి తర్వాత మాట్లాడదాం.” ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు నేనూ అదే చెబుతాను.

గ్రామిసిడిన్‌ను ఆల్కహాల్‌లో బాగా పలచన చేసి కలిపాను. పొరకు ఒక్కో వైపు నుంచి ఒక్కో అణువు వచ్చి రెండూ మధ్యలో కలిస్తేనే దారి ఏర్పడుతుంది, విడిపోతే మూసుకుపోతుంది. తెర మీద కరెంట్ గీత ఉన్నట్టుండి మెట్టులా లేచింది, కాసేపుండి దిగింది. 1970లో హ్లాడ్కీ, హేడన్ అనే శాస్త్రవేత్తలు చూపించిన మెట్లు ఇవే! ఒక్క పికోఆంపియర్ అంటేనే సెకనుకు 60 లక్షలకు పైగా అయాన్లు. అన్నీ ఆ ఒక్క సందులోంచే. ఆ రోజు సంతోషంతో నాకు ఇంకే పనీ తోచలేదు.

తర్వాత అదే పని పల్లాడియం మీద. పొర మాత్రమే ఉన్నప్పుడు కరెంట్ దాదాపు లేదు, గ్రామిసిడిన్ చేర్చాక పెరిగింది. అయినా ఏదో లీకేజీ అయి ఉంటుందేమోనని టెన్షన్. కాల్షియం అయాన్లు గ్రామిసిడిన్ దారికి అడ్డుపడతాయి కాబట్టి కాల్షియం క్లోరైడ్ కలిపి చూశాం. కరెంట్ పడిపోయింది. పొర చినిగి ఉంటే అలా పడదు. అప్పుడే అక్క నోట్‌బుక్‌లో సంతకం పెట్టింది.

ఇప్పుడు అలమెథిసిన్ అనే మరో ఛానల్‌తో మొదలుపెట్టాం. అది వోల్టేజీ తగినంత ఉంటేనే తెరుచుకుంటుంది. అంటే ప్రోటాన్లను ఎప్పుడు పోనివ్వాలో, ఎప్పుడు ఆపాలో మేమే నిర్ణయించవచ్చు.