ఒకటో తారీఖు ఆదివారం పడితే

ఒకటో తారీఖు, ఆదివారం.

పొద్దున్నే అపార్ట్‌మెంటు పోర్టల్‌లో అద్దె కట్టేశాను. డబ్బు అందిందని పోర్టల్ రసీదు చూపిస్తోంది. చెకింగ్ అకౌంటులో మాత్రం బ్యాలెన్సు కదల్లేదు, ఈరోజు కదలదు కూడా. బ్యాంకుని గుర్తించే రూటింగ్ నంబరు, మన అకౌంటు నంబరు ఇచ్చి, బ్యాంకు నుంచి బ్యాంకుకి కట్టే ఏసీహెచ్ చెల్లింపులు అమెరికాలో శని, ఆదివారాలు సెటిల్ కావు. సోమవారమో మంగళవారమో తీసుకుంటారు. ఇక్కడికి కొత్తగా చదువుకోడానికి వచ్చిన మన పిల్లలు దెబ్బతినేది ఈ రెండు రోజుల సందులోనే.

ఒక లెక్క వేసి చూద్దాం. అకౌంటులో 1,400 డాలర్లున్నాయి. ఆదివారం డెబిట్ కార్డు మీద 150 డాలర్ల సరుకులు కొన్నారు. డబ్బుంది కాబట్టి కార్డు ఒప్పుకుంది, 150 హోల్డ్‌లో పడింది, అంటే ఇంకా తీసుకోలేదు గానీ పక్కన పెట్టారు. సోమవారం తెల్లవారుజామున అద్దె 1,200 పోయింది. ఇక వాడుకోదగ్గది 50. వెనకే కారు ఇన్సూరెన్సు 90 వచ్చింది. నలభై తక్కువైంది. అది బ్యాంకు తన డబ్బు వేసి చెల్లించింది, అందుకు ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీ పడింది. మంగళవారం సరుకుల 150 సెటిల్ అయ్యేనాటికి బ్యాలెన్సు ఇంకా మైనస్‌లోనే ఉంది కాబట్టి దానికీ చార్జీ వేసే సంస్థలున్నాయి. తగ్గింది ఒకే నలభై, చార్జీలు రెండు. కొన్ననాడు డబ్బుండి కూడా చార్జీ కట్టడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. పెట్రోలు పోయించుకున్నప్పుడు బంకువాళ్లు అసలు బిల్లుకి మించి వంద డాలర్లో ఇంకా ఎక్కువో హోల్డ్ పెడితే ఈ లెక్క మరింత చిక్కుపడుతుంది. గ్యాస్ స్టేషన్‌లో పంపు దగ్గర కాకుండా లోపలికెళ్లి ఎంతకు కావాలో చెప్పి కడితే ఆ బాధ ఉండదు.

ఇండియాలో సేవింగ్స్ ఖాతాలో డబ్బు లేకపోతే కార్డు పని చెయ్యదు. మినిమం బ్యాలెన్సు చార్జీల వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదని కూడా రిజర్వు బ్యాంకు 2015 ఏప్రిల్ నుంచి నియమం పెట్టింది. ఆ అలవాటుతో వచ్చినవాళ్లకి, బ్యాంకు తన డబ్బు వేసి చెల్లించి అందుకు 35 డాలర్లు తీసుకుంటుందంటే నమ్మబుద్ధి కాదు.

2010 నుంచి ఇక్కడ ఒక రక్షణ ఉంది. ఏటీఎంలో డబ్బు తీసినా, డెబిట్ కార్డుతో విడిగా ఏదైనా కొన్నా, మనం ముందుగా ఒప్పుకుంటే తప్ప ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీ వెయ్యకూడదు. ఒప్పుకోకపోతే కార్డు డిక్లైన్ అవుతుంది, చార్జీ ఉండదు. చిక్కేమిటంటే అకౌంటు తెరిచేటప్పుడు ‘ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజ్ కావాలా’ అని అడుగుతారు, అదేదో బీమా అనుకుని చాలామంది సరేనంటారు. ఆ ఒప్పుకోలు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. యాప్‌లో కార్డు సెట్టింగుల్లో దొరక్కపోతే ఫోన్ చేసి తీయించుకోవాలి. అయితే చెక్కులకి, ఏసీహెచ్‌కి, నెలనెలా కార్డు మీద పోయే చందాలకి ఈ నియమం వర్తించదు. అంటే అద్దె, ఇన్సూరెన్సు, జిమ్ము బయటే ఉంటాయి. వాటికోసం అదే బ్యాంకులో సేవింగ్స్ అకౌంటు తెరిచి, రెండు మూడు వందలు వేసి, లోటొస్తే అందులోంచి డబ్బు వచ్చేలా చెకింగ్‌కి బ్యాకప్‌గా కలపాలి. అద్దె చెల్లింపు వెనక్కి తిరిగితే బ్యాంకు చార్జీ వెయ్యకపోయినా ఇంటి ఓనర్లు వేస్తారు, ఆలస్య రుసుము దానికి అదనం.

పెద్ద బ్యాంకుల్లో తేడాలు చాలా ఉన్నాయి. క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకు 2022లో ఈ చార్జీని పూర్తిగా ఎత్తేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా అదే ఏడాది 35 నుంచి 10కి తగ్గించింది. చేజ్, వెల్స్ ఫార్గో ముప్పై పైచిలుకు చార్జీ ఉంచుకుని, మరుసటి పనిదినం రాత్రిలోగా లోటు పూడిస్తే వదిలేసే పద్ధతి పెట్టాయి. పెద్ద బ్యాంకులకి 5 డాలర్ల పరిమితి పెడుతూ 2024 డిసెంబరులో ఆర్థిక వ్యవహారాల్లో వినియోగదారుల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ సీఎఫ్‌పీబీ తెచ్చిన నియమాన్ని, అమల్లోకి రాకముందే 2025లో కాంగ్రెస్ రద్దు చేసింది.

సహకార బ్యాంకు లాంటి క్రెడిట్ యూనియన్‌కి మారితే గొడవ తీరుతుందని చాలామంది చెబుతారు. కొంతవరకే నిజం. అక్కడ యజమానులు సభ్యులే, ఎంత డిపాజిట్ ఉన్నా ఒకరికి ఒకే ఓటు. చాలాచోట్ల 5 డాలర్ల షేరుతో చేరొచ్చు. బ్యాంకు డిపాజిట్లకి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ ఇచ్చే 2,50,000 డాలర్ల బీమా రక్షణ ఇక్కడ ఎన్‌సీయూఏ అనే మరో ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. నన్నడిగితే అసలు లాభం అప్పుల దగ్గర ఉంది. ఫెడరల్ క్రెడిట్ యూనియన్ మామూలు అప్పుల వడ్డీ 18 శాతం దాటదు. జీతం వచ్చేదాకా అని భారీ వడ్డీకి ఇచ్చే పేడే లోన్ల బారిన పడకుండా ఇచ్చే చిన్న అప్పులకి 28 శాతం దాకా, దరఖాస్తు రుసుము 20 డాలర్ల లోపు. కొత్తగా వచ్చి క్రెడిట్ హిస్టరీ లేనివాళ్లు కారు లోను కోసం ముందు యూనివర్సిటీకో ఆఫీసుకో అనుబంధంగా ఉన్న యూనియన్‌లో అడగడం మంచిది.

ఓవర్‌డ్రాఫ్ట్ విషయంలో మాత్రం పేరు చూసి నమ్మకూడదు. నేవీ ఫెడరల్ దేశంలోకెల్లా పెద్ద క్రెడిట్ యూనియన్. పైన చెప్పినట్టు, కొన్నప్పుడు డబ్బున్నా తర్వాత చార్జీ వేసిందని 2024 నవంబరులో సీఎఫ్‌పీబీ దాన్ని 8 కోట్ల డాలర్లకు పైగా సభ్యులకి తిరిగివ్వమంది, కోటిన్నర జరిమానా వేసింది. మరుసటి ఏడాది సీఎఫ్‌పీబీయే ఆ ఉత్తర్వుని ఎత్తేసింది.

చేరేముందు చార్జీల పట్టిక తీసుకుని అడగాల్సినవి ఇవి: చార్జీ ఎంత, రోజుకి ఎన్నిసార్లు, ఎంత మైనస్ దాకా మాఫీ, సేవింగ్స్ నుంచి డబ్బు మారిస్తే రుసుముందా, కొన్నప్పుడు డబ్బుంటే తర్వాత చార్జీ పడుతుందా. ఇంటికి బ్యాంకు నుంచి నేరుగా డబ్బు (వైర్) పంపేవాళ్లు, ఇండియాకి వైర్ పంపుతారా అని కూడా అడగాలి. చిన్న యూనియన్లు కొన్ని ఆ పని చెయ్యవు.

ఇండియాకి శాశ్వతంగా వెళ్లిపోయేవాళ్లకి ఒక మాట. అకౌంటు అలా వదిలేస్తే నెలవారీ రుసుములు దాన్ని మైనస్‌లోకి లాగొచ్చు. కొన్నాళ్లకి బ్యాంకు మూసేసి ఆ బాకీని, బ్యాంకులు ఖాతాదారుల పాత రికార్డు చూసుకునే చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థకి చెబితే, ఐదేళ్లపాటు ఆ రికార్డు ఉంటుంది. మళ్లీ వీసా మీద వచ్చినప్పుడు బ్యాంకులు అకౌంటు ఇవ్వడానికి ఒప్పుకోకపోవచ్చు. విమానం ఎక్కే ముందు ఆటో పేలన్నీ ఆపి, చివరి చెల్లింపు సెటిల్ అయ్యాక బ్యాలెన్సు బదిలీ చేసుకుని, అకౌంటు మూసినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి.