నీడల వెంట రెండు ఆదివారాలు

ఎడారి ఫొటోలంటే నాకు పిచ్చి. జైసల్మేర్ పోవాలని రెండేళ్లు అనుకున్నాను, సెలవులు కుదరలేదు, చివరికి ఈ ఫిబ్రవరిలో మా మహబూబ్‌నగర్ నుంచే పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరేలా రెండు ఆదివారాలు తిరిగాను. మాది ఎడారి కాదు, ఇసుక తిన్నెలూ లేవు. కానీ మక్తల్ దాటాక పత్తి ఏరేసిన నల్లరేగడి చేలు నోళ్లు తెరిచి పడి ఉంటాయి, మధ్యలో తుమ్మచెట్టు ఒకటి, దూరంగా గుండ్ల గుట్ట ఒకటి, అంతే. కనుచూపు మేర అడ్డం లేని నేల కావాలంటే అంత దూరం పోనక్కర్లేదని నాకప్పుడు అనిపించింది.

మొదటి ఆదివారం ముడుమాల్, పాతకాలం మనుషులు నిలబెట్టిన నిలువురాళ్లున్న ఊరు. నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, కృష్ణా నది ఒడ్డు ఊరు. మక్తల్, మాగనూరు మీదుగా రాయచూరు రోడ్డు పట్టుకుని పోవాలి. ఫోన్‌లో మ్యాప్ చూపించిన దారి ఒక చేను గట్టు దగ్గర ఆగిపోయింది. బండి తోలుతున్న మా బామ్మర్దికి టెన్షన్, నాకు ఎండ ముదురుతోందని ఇంకా టెన్షన్. వెనక్కి తిరిగి ఊళ్లో అడిగితే "నిలువురాళ్లా? అట్ల పోండ్రి" అని చెయ్యి చూపించారు. చేరేసరికి 12 దాటింది.

రాళ్లు చూడగానే బండి ఆగకముందే దూకేశాను. చేలల్లో మనుషులు నిలబడ్డట్టే ఉన్నాయి. 10 నుంచి 14 అడుగుల ఎత్తువి 80 దాకా ఉన్నాయి, వాటి చుట్టూ వరసలు కట్టిన చిన్న రాళ్లు వేలల్లో. ఇవి సుమారు 3,500 ఏళ్ల కిందటివని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆచార్యులు కె.పి. రావు బృందం అంచనా. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. ఇనుప యుగం మనుషులు ఇంతింత రాళ్లను మోసుకొచ్చి, గుంత తవ్వి, నిలబెట్టి, మళ్లీ ఆ వరసలను సూర్యుడి రాకపోకలకు సరిపోయేలా పేర్చారంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఫొటోలు మాత్రం ఒక్కటీ రాలేదు. యాభై కొట్టి ఉంటాను, అన్నింట్లోనూ తెల్లటి ఆకాశం, బూడిద రంగు రాయి, రాయికీ నేలకీ తేడా తెలియడం లేదు. నెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడ రాయి కిందికే పోతుంది, నీడ లేకపోతే రాయికి మందం ఉండదు. పక్క చేలో పత్తికట్టె ఏరుతున్న అవ్వ ఒకామె కాసేపు చూసి, "ఇప్పుడేం కనబడతది బిడ్డా, పొద్దు వాలనియ్యి. నీడలు మా చేను దాటి ఆ గట్టుదాక పోతయ్" అంది. నేను మూడేళ్లుగా వీడియోలు చూసి నేర్చుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పింది.

ఆగాం. వేపచెట్టు కింద సద్ది విప్పి, జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పడుకున్నాం. సాయంత్రం దాకా అక్కడే ఉండటం వల్లనే రెండో సంగతి దొరికింది. నేల మీద పరిచినట్టున్న ఒక రాతి మీద చిన్న చిన్న గుంతలు తొలిచి ఉన్నాయి. అవి సప్తర్షి మండలమని పరిశోధకులు గుర్తించారు. మధ్యాహ్నం నేను ఆ రాయి పక్కనుంచే నడిచాను, ఏమీ కనబడలేదు. పొద్దు వాలాక ఒక్కో గుంతలో సగం చీకటి నిండి, చుక్కలు వాటంతట అవే లేచినట్టు కనిపించాయి. వెలుతురు చాలని చోట బామ్మర్ది ఫోన్ టార్చ్‌ను రాతికి ఆనించినంత కిందికి పెట్టి పక్కనుంచి వేశాడు, ఇంకా బాగా తేలాయి. ఫొటోలో కనబడాలని అలాంటి గుంతల్లో సుద్దముక్క రుద్దేవాళ్లుంటారు, దయచేసి ఆ పని చేయకండి. పక్కనుంచి వెలుతురు పడితే చాలు, రాతిని ముట్టుకోవలసిన పనే లేదు.

అయిదున్నరకి నీడలు నిజంగానే గట్టుదాకా పోయాయి. మధ్యాహ్నం కుప్పల్లా కనబడిన చిన్న రాళ్లు అప్పుడు వరసలుగా తెలిశాయి, ఒక్కో రాయి వెనక ఒక్కో నల్లగీత. ఎత్తు తెలియడానికి పక్కన మనిషి ఉండాలి కదా, అవ్వను అడిగితే తలమీద కట్టెమోపు దించకుండానే నిలబడింది. నిలబడ్డాక మాత్రం, "ఆ రాయి ఎక్కకు బిడ్డా, అది ఎల్లమ్మ" అని గట్టిగా చెప్పింది. అప్పుడు చూశాను, దానికి పసుపు, కుంకుమ ఉన్నాయి. ఇక్కడి రాళ్లలో ఎల్లమ్మగా పూజలందుకునే రాయి ఒకటుందని చదివాను, కాళ్లకు చెప్పులతో దాని ముందు నిలబడ్డాకగానీ గుర్తు రాలేదు. చెప్పులు విడిచి పక్కకి జరిగాను.

రెండో ఆదివారం జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నల్లగొండ పక్కన పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోళులు కట్టించింది, మూడు గర్భగుళ్లు. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. ఎండ నేరుగా పడి వచ్చిన నీడైతే పొద్దుతోపాటు కదలాలి. ఇది కదలదు, ఎందుకంటే లోపలికి వచ్చేది నేరు ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు. నేను వెళ్లినప్పుడు ముందున్న కుర్రాళ్లు ఫ్లాష్ వేసి తీసుకుంటున్నారు, ఫొటోలో నీడ రావట్లేదని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఫ్లాష్ వేస్తే నీడే చెరిగిపోతుంది, ఆపండి తమ్ముడూ అన్నాను. ఫోన్‌ను గడప మీద కదలకుండా ఆనించి తీయమన్నాను. గోడ మీద నిలువుగా మెత్తటి గీత వచ్చింది. "అరే, అన్నా!" అన్నారు, అంతకన్నా నాకేం కావాలి.

పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం కూడా చూశాను, అక్కడి శిల్పాలకు ఒక రోజంతా కావాలి, నాకు రెండు గంటలే దొరికింది. ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్లేసరికి చీకటి పడింది.

ఆ తర్వాత ముడుమాల్ ఫొటో ఒకటి పెద్ద సైజులో ప్రింటు తీయించి, ఉగాది దాటాక పనిగట్టుకుని పోయి అవ్వకు ఇచ్చాను. తనను తాను చూసుకుని నవ్వుతుందనుకున్నాను. ఆమె తన మీద చూపు నిలపనేలేదు. ప్రింటును ఎండకు పట్టుకుని, రాళ్లను ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టి, గట్టు దగ్గర ఖాళీగా ఉన్న చోట ఆగింది.

"ఈడ ఇంకోటి ఉండె బిడ్డా. గట్టు పోసిన్నాడు తీసిండ్రు."

వేలు అక్కడే పెట్టి చాలాసేపు ఉంది.