మా బోరు నీళ్లు, ఆరు నియాన్ టెట్రాలు

మేం నిజాంపేటలో నాలుగో అంతస్తులో ఉంటాం. అపార్ట్‌మెంట్ సంపులో బోరు నీళ్లు, నల్లా నీళ్లు కలిసిపోతాయి. ఎండాకాలం వాటికి ట్యాంకర్ నీళ్లు తోడు. వారం కడగకపోతే బకెట్ అంచుకు తెల్లగా పొర కట్టే నీళ్లు అవి. హాల్లో రెండడుగుల అక్వేరియంలో మా గప్పీలు ఏడాదిపాటు ఆ నీళ్లలోనే హాయిగా పిల్లల్ని పెట్టాయి. పీహెచ్ అనే మాటతో, అంటే నీళ్ల పులుపు చెప్పే అంకెతో (ఏడు మధ్యస్థం, తగ్గితే పులుపు ఎక్కువ), నాకు పని పడలేదు.

మా పాప నియాన్ టెట్రాలు కావాలంది. పది తెచ్చాను. షాపులో అబ్బాయి, "అన్నా, ఇవి మెత్తటి నీళ్ల, అంటే ఖనిజాలు తక్కువుండే నీళ్ల చేపలు, పీహెచ్ ఏడు లోపల ఉంచు" అని ఒక టెస్ట్ కిట్టు, ఒక పీహెచ్ డౌన్ సీసా చేతిలో పెట్టాడు. అమెజాన్ ప్రాంతపు చేపలు కాబట్టి వాడు చెప్పింది నిజమే.

ఇంటికొచ్చి చుక్కలు వేస్తే ముదురు నీలం. అంటే 7.6. సీసాలోంచి మూత కొలతతో పోశాను, సాయంత్రానికి ఆకుపచ్చ, 7. భలే సంతోషం. పొద్దున చూస్తే మళ్లీ నీలం! మళ్లీ పోశాను. ఇలా నాలుగు రోజులు. ఐదో రోజుకు మూడు నియాన్‌లు చచ్చిపోయాయి, వారం తిరిగేసరికి ఆరు. గప్పీలకు మాత్రం ఏమీ కాలేదు. "వాటికి లేని రోగం వీటికెందుకొచ్చిందిరా?" అంది అమ్మ. ఆ ప్రశ్నే నన్ను కుదురుగా కూర్చోబెట్టింది.

మొదట తెలిసింది కిట్టు సంగతి. నా కిట్టులో చివరి రంగు 7.6. నీళ్లు 8.2 ఉన్నా అదే నీలం చూపిస్తుంది. ఎక్కువ పీహెచ్ కొలిచే కిట్టు వేరే ఉంటుంది. అది కొని బోరు నీళ్లు పట్టిన వెంటనే చూస్తే 7.4, అదే గ్లాసును ఒక రోజు వదిలేసి చూస్తే 8.2. భూమిలోంచి వచ్చే నీళ్లలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలికి పోయాక గానీ అసలు అంకె బయటపడదు.

రెండోది కేహెచ్, అంటే నీళ్లలో కార్బొనేట్లు, బైకార్బొనేట్లు ఎంత ఉన్నాయో చెప్పే గట్టిదనం. నా తప్పంతా ఇక్కడే ఉంది. 5 మిల్లీలీటర్ల నీళ్లలో కేహెచ్ కిట్టు మందు ఒక్కో చుక్కా వేస్తూ నీలం పసుపయ్యేదాకా లెక్కపెట్టాలి, ఒక్కో చుక్క ఒక డిగ్రీ. మా నీళ్లకు 14 చుక్కలు పట్టాయి, లీటరుకు 250 మిల్లీగ్రాములన్నమాట. వంటసోడాలో నిమ్మరసం పిండితే పొంగి చల్లారిపోతుందే, నా సీసా మందుకూ అదే గతి. పోసిన ఆమ్లాన్ని బైకార్బొనేట్ తినేస్తుంది, పుట్టిన గ్యాస్ రాత్రికి ఎగిరిపోతుంది, పీహెచ్ ఎక్కడ బయల్దేరిందో అక్కడికే చేరుతుంది. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే పులుపులో పది రెట్ల తేడా. పైగా పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాలో విషపు భాగం కూడా దాదాపు పది రెట్లవుతుంది. పీహెచ్ 8.2లో కదలకుండా ఉన్నా ఆ చేపలు ఇంకొన్నాళ్లు బతికేవేమో, దాన్ని రోజూ పైకీ కిందికీ ఊపి ఊపి నేనే చంపుకున్నాను.

అడుగున పరిచిన తెల్ల రాళ్ల మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగింది, పాలరాయి ముక్కలు! అవి కూడా నీళ్లను గట్టిపరుస్తున్నాయి. తీసేసి నల్ల గ్రావెల్ వేశాను. కాలనీలో రాలిన బాదం ఆకులు ఎండబెట్టి వేశాను గానీ, ఇంత కేహెచ్ ముందు వాటి పులుపు ఏపాటి? నీళ్లు టీ రంగుకు మారాయంతే.

చివరికి దారి వంటింట్లోనే దొరికింది, ఆర్వో నీళ్లు. వాటిలో ఈ కార్బొనేట్లు దాదాపు ఉండవు. గప్పీలను బాల్కనీలో పాత టబ్బులోకి మార్చాను. మిగిలిన నాలుగు నియాన్‌లతో, 50 లీటర్ల ట్యాంకులో వారానికి 10 లీటర్లు తీసి ఆర్వో పోస్తూ వచ్చాను. "మనకు తాగడానికి పట్టుకుంటే చేపలకా!" అని అమ్మ గొడవ. ఐదు వారాలకు 14 చుక్కలు 5కి దిగాయి, పీహెచ్ ఏడు దగ్గర ఆగింది. మొత్తం ఆర్వోనే వాడకూడదు. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కార్బొనేట్లను వాడుకుంటుంది, అవి అయిపోతే పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఇప్పుడు ఒక వంతు బోరు నీళ్లు, రెండు వంతులు ఆర్వో. ట్యాంకర్ వచ్చిన వారం చుక్కలు మళ్లీ లెక్కపెట్టి కలుపుతాను. మే నెలలో ఒకసారి 17 వచ్చింది, ఆ వారం మూడు వంతులు ఆర్వో పోశాను.

తర్వాత ఎనిమిది నియాన్‌లు తెచ్చి, సన్న గొట్టంతో గంటన్నర సేపు చుక్కలు చుక్కలుగా మా నీళ్లు వాటి డబ్బాలో పడనిచ్చి వదిలాను. అన్నీ ఉన్నాయి. పీహెచ్ డౌన్ సీసా ఎక్కడుందో కూడా గుర్తులేదు. బాల్కనీ గప్పీలు ఇప్పటికీ నేరుగా బోరు నీళ్లలోనే ఉన్నాయి. మొన్న పాప లెక్కపెడితే నలభై దాటాయి.