టేకు అడవి పక్కన ఘనా టేకు

శ్రావణం వెళ్లిపోయేలోపు కొత్త ఇంటికి దర్వాజ పెట్టాలి. ఇంకా కర్రే కొనలేదని అమ్మకు టెన్షన్. అందుకే ఇవాళ బాపును బండి మీద ఎక్కించుకుని జన్నారం వెళ్లాను.

తపాలపూర్ చెక్‌పోస్టు దాటాక టేకంతా పూత మీద ఉంది. వానాకాలంలోనే ఈ అడవి చూడాలి. ఎండాకాలం ఆకంతా రాలిపోతే, ఇదేం అడవి అని బయటివాళ్లు అడుగుతారు.

బాపు వయసులో ఉన్నప్పుడు కూపుల్లో పనిచేశాడు. కూపంటే, ఆ ఏడు కొట్టడానికి అడవిలో గీసిచ్చే ముక్క. ఫారెస్టోళ్లు సుత్తితో ముద్ర కొట్టిన చెట్లనే నరకాలి. దుంగలను ఎడ్లతో బాట దాకా ఈడ్పించి లారీకెక్కిస్తే డిపోకు చేరేవి. అక్కడ కొలిచి, లాట్లు పేర్చి వేలం వేసేవాళ్లు. కూలి ఎంతిచ్చేవాళ్లని అడిగితే మాత్రం బాపు మాట మారుస్తాడు. ఆ రోజులను బంగారు కాలమని ఆయన ఎప్పుడూ అనలేదు, నేనూ అనను.

ఆయనకు మిగిలింది లెక్క. దుంగ నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చిన అంకెను దానితోనే హెచ్చవేసి, మళ్లీ పొడవుతో హెచ్చవేస్తే ఘనపుటడుగులు. నాలుగడుగుల చుట్టు, పదడుగుల పొడవు ఉంటే పది. నేను ఫోన్‌లో గుండ్రటి దుంగ సూత్రంతో చేస్తే పన్నెండున్నర దాటింది. చూపిస్తే నవ్వాడు. "పక్కలు చెక్కితే పోయేది ఎవని ఖాతల రాస్తవురా?" అన్నాడు. ఇంజనీరింగ్ చదివింది నేను.

దుకాణంలో ముందు చూపించింది ఘనా టేకు. ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిన కర్ర, టేకు అడవి పక్కన అమ్ముతున్నారు! బాపు కోసిన మొఖం మీద వేలు పెట్టి వలయాలు చూశాడు. ఎడంగా ఉన్నాయి, తొందరగా పెరిగిన చెట్టు. అంచున చేవలేని తెల్ల కర్ర కూడా ఎక్కువే. "చేవ లేదు, చెదలకు పండుగ" అన్నాడు. దుకాణం ఆయనకు కోపం రాలేదు. "ఈడిది కావాల్నంటే వేలం మాలుంది పెద్దయ్యా, రేటే ఎక్కువ" అన్నాడు.

ఎక్కువ ఉండక ఏం చేస్తుంది? ఈ కవ్వాల్ అడవి 1965లో అభయారణ్యమైంది, 2012లో టైగర్ రిజర్వ్. లోపల గొడ్డలి పెట్టడానికి లేదు. అడవి మిగలాలంటే అది సరైన పనే అని నా అభిప్రాయం. పులులు మాత్రం మహారాష్ట్ర తడోబా నుంచి వస్తూ, ఎక్కువగా రిజర్వ్ బయట కాగజ్‌నగర్ వైపే ఆగిపోతున్నాయి. కాపలా అంతా వచ్చే చుట్టం కోసమే అన్నట్టుంది. వెదురు తెచ్చుకోవడం కష్టమైన మేదరి వాళ్లను అడిగితే ఇంకో మాట చెబుతారు, అదీ అబద్ధం కాదు.

చివరికి ముందరి దర్వాజకు, గడపకు ఇక్కడి టేకే తీసుకున్నాం. లోపలి గదులకు వేప చాలన్నాడు బాపు. నాకు ఘనాదే నయమనిపించింది కానీ నోరు మెదపలేదు. బిల్లు మీద కొలతలు తానే మళ్లీ లెక్కవేసి, ఒకచోట దిద్దించాడు కూడా. అడ్వాన్స్ కట్టి, దర్వాజ చేసే వడ్ల కాకకు ఫోన్ చేశాను, సోమవారం వస్తానన్నాడు. అమ్మకు ధర ఇంకా చెప్పలేదు. బాపే చెబుతాడని నేను, నేనే చెబుతానని బాపు.