కొల్లేటి నీళ్లు, కెమెరా: రెండు కోర్సులు కలిపి చదివిన నా అనుభవం

డిగ్రీలో ఈవీఎస్ (పర్యావరణ అధ్యయనం) పేపరు రాయకుండా బయటపడిన వాళ్లు మా తరంలో దాదాపు లేరు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన పిటిషన్‌పై 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. కోర్టు ఆదేశాల మీద ఆ తర్వాత యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) డిగ్రీకి ఆరు నెలల సిలబస్ తయారు చేయించింది. చాలామందికి అది పాసైపోతే చాలనిపించే పేపరు. నన్ను మాత్రం ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ దాకా లాక్కొచ్చింది ఆ పేపరే. అక్కడ సీబీసీఎస్ (నచ్చిన సబ్జెక్టు ఎంచుకునే క్రెడిట్ల) పద్ధతిలో వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ఓపెన్ ఎలక్టివ్ తీసుకునే వీలుంది. నేను జర్నలిజం వాళ్ల డాక్యుమెంటరీ కోర్సు తీసుకున్నాను. ఫారం మీద రెండు డిపార్ట్‌మెంట్ల సంతకాలు, టైమ్‌టేబుల్ కుదరక కొంత తిరుగుడు, అంతే. అసలు పని ఆ తర్వాత మొదలైంది.

ప్రాజెక్టుకు కొల్లేరు అనుకున్నాను. సినాప్సిస్‌లో నాకు తెలిసిందంతా పెట్టాను: 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ చిత్తడి నేలల ఒప్పందం) గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టడం, కాంటూరును మూడుకు తగ్గించాలన్న వాదన, బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు, అవి సముద్రంలోకి పోవడానికి మిగిలిన ఒక్క ఉప్పుటేరు. ఫిల్మ్ సార్ అంతా చదివి, "బాగుందమ్మా, మరి కెమెరా ఎక్కడ పెడతావు?" అన్నారు. మా డిపార్ట్‌మెంట్ మేడమ్‌ది ఇంకో మాట: "నీ సినిమాలో నీటి గురించి చెప్పే ప్రతి మాటకీ ఒక కొలత ఉండాలి." ఈ ఇద్దరినీ ఒప్పించేది ఏమిటా అని వెతుకుతుంటే దొరికింది మా ల్యాబ్‌లో రోజూ చేసే పరీక్షే, విన్‌క్లర్ పద్ధతి.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే పరీక్ష ఇది. నీటి పరీక్షలకు వాడే 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ వేసి మూత పెట్టి తిప్పితే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమ రంగు తెట్టెలు కట్టి మెల్లగా కిందికి దిగుతాయి. ఆక్సిజన్ లేకపోతే ఆ తెట్టు తెల్లగానే ఉండిపోతుంది. కంటికి కనపడని వాయువు సీసాలో రంగుగా కనిపిస్తుంది. నా సినిమా మొత్తం ఈ సీసా చుట్టూనే కట్టాలని ఆ రోజే తేల్చుకున్నాను.

అభయారణ్యంలో షూటింగుకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. గైడ్ ఉత్తరం, తేదీలు, మనుషుల పేర్లు, పరికరాల జాబితా అన్నీ జత చేయాలి. డ్రోన్ జాబితాలో పెట్టనే లేదు. ఆటపాకలో గూడబాతులు చెట్ల మీదా, ఇనుప స్టాండ్ల మీదా గూళ్లు కట్టుకుని పిల్లల్ని సాకుతుంటాయి. వాటి నెత్తిన ఆ రొద పెట్టి తీసిన దృశ్యం ఎంత అందంగా వచ్చినా నాకొద్దు. పై నుంచి తీసిన నీళ్లు, వెనక విషాద సంగీతం ఉన్న పర్యావరణ సినిమాలు చాలా చూశాను. వాటిలో కొలతా ఉండదు, మనిషీ ఉండడు.

నీళ్ల శాంపిళ్లు మాత్రం కైకలూరు వైపు, అభయారణ్యం బయట ఉన్న ఒక చేపల చెరువులో తీశాం. శీలావతి, బొచ్చె పెంచే రైతు ఆయన. షెడ్డులో ఆయనతో పాటే రాత్రి మేలుకున్నాం. "మబ్బు పట్టిందమ్మా, తెల్లారేసరికి చేప తేలుద్ది" అని సాయంత్రమే చెప్పాడు. పగలంతా ఎండ ఉంటే నీళ్లలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే అదే నాచు, చేపలు, అడుగున కుళ్లే మేత అన్నీ ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. మబ్బు రోజున పగటి నిల్వే తక్కువ కదా. మా సిలబస్‌లో రెండు పేజీలు పట్టే ఈ విషయం ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

చీకటి ఇంకా విడకముందే చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. ఆయన పరుగెత్తి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల స్విచ్ వేశాడు. నా స్నేహితురాలు మైకుకు బొచ్చు తొడుగు వేసి గట్టు చివర కూర్చుంది. వన్యప్రాణి సినిమాల్లో కెమెరా దూరం నుంచి దృశ్యాన్ని దగ్గరికి తెచ్చినా శబ్దాన్ని తేలేదు కాబట్టి, చాలాసార్లు శబ్దాలను స్టూడియోలో విడిగా చేసి కలుపుతారు. నా సినిమాలో అక్కడ రికార్డయిన చప్పుడు తప్ప ఇంకేదీ ఉండకూడదనుకున్నాను. నీటి మీద ఆ నోళ్ల చప్పుడు, ఏరియేటర్ రెక్కలు కొట్టే నీళ్ల మోత, రెండూ ఒకే ట్రాకులో దొరికాయి.

సీసాను తీయడం అన్నిటికంటే కష్టం. తెల్లవారుజాము శాంపిల్‌నూ, మధ్యాహ్నం శాంపిల్‌నూ పక్కపక్కన చూపించాలంటే రెండింటి మీదా వెలుగు ఒకేలా పడాలి. కెమెరాను ఆటో వైట్ బ్యాలెన్స్‌లో వదిలేస్తే అది రంగును తనకు తోచినట్టు సర్దేస్తుంది, అప్పుడు నా గోధుమ రంగు సాక్ష్యంగా పనికిరాదు. రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట, గ్రే కార్డుతో సెట్ చేసి లాక్ చేశాను. షెడ్డు తలుపు మూసి, అదే ఎల్ఈడీ ప్యానెల్‌ను అంతే దూరంలో, వెనక అదే తెల్ల అట్టతో రెండు పూటలా తీశాం. పొద్దున్న సీసాలో తెట్టు లేత ఇసుక రంగులో ఉంది. మధ్యాహ్నం సీసాలో ముదురు గోధుమ రంగు దిగింది. దాన్ని ఆమ్లంలో కరిగించి, స్టార్చ్ వేసి, నీలం రంగు పోయేదాకా థయోసల్ఫేట్‌ను చుక్కచుక్కగా కలిపి ఎంత పట్టిందో కొలిస్తే (టైట్రేషన్) పొద్దుటి కొలత లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే బాగా కిందే తేలింది. చేపలకు, వన్యప్రాణులకు పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కనీస హద్దు ఆ 4. మేడమ్ అడిగిన కొలతా, సార్ అడిగిన దృశ్యమూ ఒకే సీసాలో ఉన్నాయి.

ఎడిటింగ్‌లో నేను రాసుకున్న వ్యాఖ్యానం మొత్తం తీసేశాను. రైతు మాటలు, చెరువు చప్పుడు, తెర మీద రెండు అంకెలు ఉంచాను. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎక్కువ ప్రశ్నలు వైట్ బ్యాలెన్స్ మీదే అడిగారు, దాన్ని ఎందుకు లాక్ చేశావని. సినిమా పేపరుకు కెమిస్ట్రీ జవాబు చెప్పడం నాకెంతో సంతోషంగా అనిపించింది.

ఈ రెండూ కలిపి చదవాలనుకునే వాళ్లు చేరేముందే మూడు సంగతులు కనుక్కోండి. ఎలక్టివ్ తీసుకున్న బయటి డిపార్ట్‌మెంట్ విద్యార్థికి కెమెరాలు, మైకులు సెలవు రోజుల్లో కూడా ఇస్తారా, ఒకే ప్రాజెక్టును రెండు పేపర్లకూ ఒప్పుకుంటారా, రసాయనాలు ఫీల్డుకు పట్టుకెళ్లనిస్తారా. మూడోది మరీ ముఖ్యం. విన్‌క్లర్‌లో మొదటి రెండు రసాయనాలూ నీళ్లు తీసిన చోటే కలపాలి, ల్యాబ్ దాకా ఆగితే మీరు కొలిచేది ఆ చెరువు ఆక్సిజన్ కాదు.